మూడేళ్లు కదలని 1972 సి10: సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు

నీలిట్రక్కు:

బండి 1972 షెవర్లే సి10 పికప్ ట్రక్కు. 250 (క్యూబిక్ అంగుళాల) ఆరు సిలిండర్ల ఇంజన్, ఒక బ్యారెల్ రోచెస్టర్ మోనోజెట్ కార్బ్యురేటర్, పాయింట్ల (స్పార్క్ కోసం కరెంటును కలిపి తెంపే లోహపు బిళ్లలు) డిస్ట్రిబ్యూటర్, మాన్యువల్ గేర్లు. ఆపినప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఆ తర్వాత మూడేళ్లుగా షెడ్డులోనే ఉంది. ట్యాంకులో మూడో వంతు పెట్రోలు అలాగే ఉండిపోయింది, స్టెబిలైజర్ లాంటిదేమీ కలపలేదు.

కొత్త బ్యాటరీ పెట్టాను. ఇంజన్ ఆయిల్ మట్టం సరిగ్గా ఉంది, అందులో పెట్రోలు వాసన లేదు, పాలరంగు తిరగలేదు. సెల్ఫ్ కొడితే ఇంజన్ జోరుగానే తిరుగుతోంది కానీ దగ్గనైనా దగ్గడం లేదు. ఎయిర్ క్లీనర్‌లో ఎలుక గూళ్లేమీ లేవు. ట్యాంకు మూత తీస్తే మాత్రం పాత వార్నిష్ డబ్బా తెరిచినట్టు వాసన.

కార్బ్యురేటర్ కిట్ (లోపల మార్చే చిన్న విడిభాగాల పెట్టె) తెప్పించాను. ముందు దాన్నే విప్పి కడగమంటారా? టెస్ట్ ల్యాంపు, మల్టీమీటర్, మామూలు పానాలు ఉన్నాయి.

---

పాయింట్‌గ్యాప్:

కిట్ పక్కన పెట్టండి. పాయింట్ల బండి ఏళ్లతరబడి ఆగిపోయి, తర్వాత ఒక్క దగ్గు కూడా దగ్గకపోతే నేను మొదట అనుమానించేది స్పార్క్‌ని. పెట్రోలు ఎంత పాడైనా అప్పుడప్పుడూ ఒక పాప్ అయినా వినిపిస్తుంది. కార్బ్యురేటర్ విప్పి, కడిగి, బిగించి, మళ్లీ సెల్ఫ్ కొట్టాక కూడా స్పార్క్ లేదని తేలితే పనంతా వృథా. పైగా విప్పేటప్పుడు కొత్త లోపాలేమైనా కలిపామా అన్న అనుమానం ఒకటి మిగులుతుంది.

ముందు బ్యాటరీ. కొత్తదైనా కొలవండి. ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు, సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ 9.6కి తగ్గకూడదు. ఒకేసారి 10 సెకన్లకి మించి సెల్ఫ్ కొట్టకండి, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు చల్లారనివ్వండి.

ఇప్పుడు టెస్ట్ ల్యాంపు క్లిప్పు ఇంజన్ బ్లాకుకి పెట్టి, ముల్లు కాయిల్ (స్పార్క్‌కి వోల్టేజీ పెంచే భాగం) నెగటివ్ టెర్మినల్‌కి ఆనించండి. అంటే డిస్ట్రిబ్యూటర్‌కి పోయే సన్న వైరు ఉన్న వైపు. తాళం ఆన్ చేసి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. ల్యాంపు వెలిగి ఆరుతూ ఉంటే పాయింట్లు తెరుచుకుని మూసుకుంటున్నట్టే. ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవడం లేదు, లేదా కలిసినా మధ్యలో చిలుము పొర కరెంటును ఆపుతోంది. అసలు వెలగకపోతే ల్యాంపు ముల్లు కాయిల్ పాజిటివ్‌కి మార్చండి. అక్కడా లేకపోతే తాళం నుంచి వచ్చే సరఫరా పోయింది. పాజిటివ్‌లో ఉండి నెగటివ్‌లో లేకపోతే రెండే కారణాలు: డిస్ట్రిబ్యూటర్ వైపు ఎర్త్ అవుతోంది (పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదా వాటి వైరో కండెన్సరో బాడీకి తగిలింది), లేదా కాయిల్ లోపల తెగింది. డిస్ట్రిబ్యూటర్‌కి పోయే సన్న వైరు కాయిల్ దగ్గర విప్పి మళ్లీ చూస్తే ఆ రెంటిలో ఏదో తేలిపోతుంది. విప్పగానే ల్యాంపు వెలిగితే కాయిల్ బాగున్నట్టే.

షెడ్డులో ఊరికే ఉన్న బండిలో ఎక్కువగా కనిపించేది ఆరకుండా వెలుగుతూ ఉండటమే. టంగ్‌స్టన్ పాయింట్ల మీద కంటికి ఆనని ఆక్సైడ్ పొర పేరుకుంటుంది. దాన్ని తీయడానికి సన్న పాయింట్ ఫైలుతో రెండు మూడు సార్లు మెల్లగా రుద్దండి. తర్వాత కాంటాక్ట్ క్లీనర్‌లో ముంచిన మందపాటి తెల్ల కాగితపు ముక్కను పాయింట్ల మధ్య పెట్టి, పాయింట్లు దాని మీద మూసుకోనిచ్చి బయటికి లాగండి. కాగితం మీద నల్ల గీత పడటం ఆగేదాకా అలాగే చేయండి. ఉప్పుకాగితం వద్దే వద్దు. అందులోని రేణువులు లోహంలో గుచ్చుకుని మళ్లీ అదే బాధ.

గ్యాపు, రబ్బింగ్ బ్లాక్ (పాయింట్లని తెరిచే చిన్న దిమ్మ) కామ్ ఎత్తు మీద ఉన్నప్పుడు, కొత్త పాయింట్లకి 0.019 అంగుళం, వాడినవాటికి 0.016. డ్వెల్ (పాయింట్లు మూసుకుని ఉండే కోణం) మీటర్ ఉంటే 31 నుంచి 34 డిగ్రీల మధ్య ఉంచండి, అది గేజీ కంటే నమ్మకం. రబ్బింగ్ బ్లాకుకి అగ్గిపుల్ల తలంత కామ్ గ్రీజు చాలు. ఎక్కువైతే చిమ్మి పాయింట్ల మీదే పడుతుంది.

అంతా అయ్యాక క్యాప్ మధ్యలోని కాయిల్ వైరు ఊడదీసి, ఇన్సులేషన్ ఉన్న పట్టుకారుతో పట్టుకుని, బ్లాకుకి పావు అంగుళం దూరంలో పెట్టి సెల్ఫ్ కొట్టండి. నీలం రంగులో చిటపటలాడుతూ దూకాలి. పలచగా పసుపుపచ్చగా ఉంటే కండెన్సర్‌నీ కాయిల్‌నీ అనుమానించండి. ఈ పరీక్ష చేసేటప్పుడు కార్బ్యురేటర్ మీద ఎయిర్ క్లీనర్ ఉండాలి, దగ్గర్లో పెట్రోలు డబ్బా ఉండకూడదు. సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్‌లో వదిలేయవద్దు కూడా. పాయింట్లు మూసుకున్న చోట ఇంజన్ ఆగి ఉంటే కాయిల్ కాలిపోయేంత వేడెక్కుతుంది.

---

పుష్‌రాడ్:

పైన చెప్పిందంతా సరే, కానీ ఇంకోసారి సెల్ఫ్ కొట్టే ముందు ఆరు ప్లగ్గులూ విప్పి ఒక్కో సిలిండర్‌లో 5 మి.లీ. ఇంజన్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేయండి. ఇంజన్ తిరుగుతోంది కాబట్టి పట్టేయలేదని తెలిసింది. అయినా మూడేళ్లలో సిలిండర్ గోడలు ఎండిపోయి ఉంటాయి. కంప్రెషన్ తగ్గి, ఆ తగ్గుదలే స్టార్టు కాకపోవడానికి సాయపడుతుంది. ప్లగ్గుల వైర్లకి నంబర్లు అంటించాకే పీకండి. ఈ ఇంజన్ ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4.

రెండోది, రాకర్ (వాల్వుని నొక్కి తెరిచే చేయి) కవర్ విప్పండి. నిల్వ ఉన్న బండిలో వాల్వు కాడ గైడులో అంటుకుపోవడం ఉంటుంది. దాని మీద సెల్ఫ్ బలం పడితే పుష్‌రాడ్ (రాకర్‌ని నెట్టే కడ్డీ) వంగుతుంది. ప్లగ్గులు లేకుండా ఇంజన్‌ని నెమ్మదిగా తిప్పి, పన్నెండు రాకర్లూ లేచి దిగుతున్నాయో లేదో కళ్లతో చూడండి. ఏదైనా వదులుగా ఆడుతూ ఉంటే ఆ వాల్వు కిందే ఉండిపోయింది. కాడ మీద తుప్పు వదిలించే నూనె వేసి, కొంతసేపు ఆగి, రాకర్‌ని మెత్తని సుత్తితో మెల్లగా తట్టండి.

క్రాంక్ పుల్లీ బోల్టుకి సాకెట్ వేసి తిప్పుదామనుకుంటారేమో. ఈ 250 ఇంజన్లలో చాలావాటికి ఆ బోల్టే ఉండదు. బ్యాలెన్సర్‌ని (పుల్లీ ఉండే బరువు చక్రం) ఒత్తి ఎక్కించి వదిలేశారు, క్రాంకు చివర మరలు కూడా ఉండవు. ప్లగ్గులు తీసేసి టాప్ గేరులో వేసి బండిని ముందుకు నెట్టడం తేలిక. నేల చదునుగా ఉండాలి, తాళం ఆఫ్‌లో ఉండాలి. లేదంటే బెల్ హౌసింగ్ కింది రేకు విప్పి ఫ్లైవీల్ పళ్లని పెద్ద స్క్రూడ్రైవర్‌తో మీటండి.

ఆయిల్ వేసిన తర్వాత మొదట ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టాలి. రంధ్రాల మీద గుడ్డ కప్పండి. లేకపోతే ఆయిల్ బానెట్ కింద అంతా చిమ్ముతుంది.

---

నీలిట్రక్కు:

రాకర్లు పన్నెండూ కదులుతున్నాయి. మీరన్నట్టే బ్యాలెన్సర్‌కి బోల్టు లేదు, బండి నెట్టి తిప్పాం.

కాయిల్ నెగటివ్ దగ్గర ల్యాంపు ఆరకుండా వెలుగుతూనే ఉంది. పాయింట్లు పైకి నున్నగా, బూడిదరంగులో ఉన్నాయి. శుభ్రం చేసి 0.016 పెట్టాక ల్యాంపు ఆరి వెలుగుతోంది, కాయిల్ వైరు నుంచి నీలం స్పార్క్ దూకుతోంది. ప్లగ్గులు బిగించి సెల్ఫ్ కొడితే మళ్లీ మౌనం. కార్బ్యురేటర్ గొంతులోకి చెంచాడు కొత్త పెట్రోలు పోస్తే అందుకుని రెండు మూడు సెకన్లు నడిచి ఆగిపోయింది. ఇప్పుడైనా కార్బ్యురేటర్ విప్పనా?

---

మోనోజెట్‌మామ:

ఇంకా వద్దండి. ఒక్క చెంచా మీద నడిచిందంటే స్పార్క్, టైమింగ్, కంప్రెషన్ మూడూ పనికొచ్చేంత ఉన్నట్టే. ఇక తేల్చాల్సింది ఒక్కటే. పెట్రోలు కార్బ్యురేటర్ దాకా రావడం లేదా, వచ్చి లోపల ఆగిపోతోందా?

ఎయిర్ క్లీనర్ తీసి, చోక్ రేకుని వేలితో తెరిచిపట్టి, టార్చితో గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ లింకేజీని చేత్తో ఒక్కసారి గట్టిగా కదపండి. ఇంజన్ ఆపే ఉండాలి. సన్నటి పెట్రోలు ధార కనిపించాలి. ధార లేకపోతే బౌల్ (కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె) ఎండిపోయింది, లేదా యాక్సిలరేటర్ పంపు కప్పు గట్టిపడింది. ఈ రెండూ విడదీయడానికి గొంతు పైభాగంలో నిలబడి కనిపించే వెంట్ గొట్టంలోకి సిరంజితో 30 మి.లీ. కొత్త పెట్రోలు ఎక్కించండి. అది నేరుగా బౌల్‌లోకి దిగుతుంది. ఇప్పుడు మళ్లీ లింకేజీ కదపండి. ధార వస్తే పంపు కప్పు బాగుంది, బౌల్‌కి పెట్రోలు రావడం లేదు. రాకపోతే కప్పు పోయింది, అది మీ కిట్‌లో ఉంది.

గొంతులోకి పోయడం కంటే ఇదే మంచి పద్ధతి. బౌల్ నింపితే ఇంజన్ తన జెట్ల ద్వారానే తాగుతుంది కాబట్టి జెట్లు మూసుకున్నాయో లేదో కూడా ఇదే పరీక్షలో తెలుస్తుంది. బౌల్ నిండాక అర నిమిషమో, ఇంకాసేపో నిలకడగా నడిచి ఆగితే మెయిన్ జెట్ తెరిచే ఉంది. చోక్ వేసి ఉన్నంతసేపూ నడిచి, చోక్ తెరవగానే ఆగిపోతుంటే జెట్‌లో జిగురు చేరింది. రేసు ఇస్తే నడిచి, వదిలితే ఆగితే ఐడిల్ ట్యూబ్ (రేసు లేనప్పుడు పెట్రోలు ఇచ్చే దారి) మూసుకుంది. దాని రంధ్రం సన్నం కాబట్టి ముందు పూడుకునేది అదే.

చోక్ సంగతి కూడా చూడండి. చల్లటి ఇంజన్‌లో పెడల్ ఒకసారి అడుగుదాకా తొక్కి వదిలితే రేకు పూర్తిగా మూసుకోవాలి. ఏళ్ల మురికితో ఇరుసు బిగిసి సగంలో ఆగిపోయే బండ్లు ఎన్నో. కార్బ్ క్లీనర్ కొట్టి చేత్తో ఆడించండి. ఇరుసుకి ఆయిల్ మాత్రం వేయకండి, దుమ్ము పట్టి మళ్లీ బిగుస్తుంది.

బౌల్‌కి పెట్రోలు రావడం లేదని తేలాక కార్బ్యురేటర్ నుంచి వెనక్కి నడవండి. మొదట అందరూ మరిచిపోయే చోటు: పెట్రోలు గొట్టం కార్బ్యురేటర్‌లో దిగే పెద్ద నట్టు లోపల ఒక చిన్న ఫిల్టరు, దాని వెనక ఒక స్ప్రింగు ఉంటాయి. పెద్ద నట్టుకి 1 అంగుళం పానా, గొట్టం నట్టుకి 5/8 లైన్ పానా. రెండూ ఒకేసారి వేసి, పెద్దదాన్ని కదలకుండా పట్టుకుని చిన్నదాన్ని తిప్పాలి. లేకపోతే గొట్టం మెలితిరుగుతుంది, లేదా కార్బ్యురేటర్ మెత్తని లోహంలో మరలు పోతాయి. ఫిల్టరు గోధుమరంగు జిగురుతో గట్టిపడి ఉంటే అదే దొంగ. నోటితో ఊదితే గాలి సులువుగా పోవాలి.

అక్కడ బాగుంటే పంపు పరీక్ష. కాయిల్ పాజిటివ్ వైరు విప్పి, చివర టేపు చుట్టి, స్పార్క్ రాకుండా చేయండి. కార్బ్యురేటర్‌కి వచ్చే గొట్టానికి రబ్బరు ముక్క తగిలించి సీసాలోకి దింపండి. సెల్ఫ్ కొడితే 30 నుంచి 45 సెకన్ల క్రాంకింగ్‌లో దాదాపు అర లీటరు రావాలి. ఒకేసారి కాదు, 10 సెకన్ల చొప్పున. గేజీ పెడితే 3.5 నుంచి 4.5 పీఎస్ఐ. ఏమీ రాకపోతే పంపు ఇన్‌లెట్ రబ్బరు ఊడదీసి వేలు పెట్టండి. సెల్ఫ్ తిరిగేటప్పుడు వేలిని లాగాలి. లాగుతుంటే పంపు మంచిదే, తప్పు ట్యాంకు వైపు. లాగకపోతే డయాఫ్రమ్ (పంపు లోపల ఆడే పొర) గట్టిపడింది, లేదా వాల్వులు అంటుకున్నాయి. పంపు పొట్ట కింది చిన్న రంధ్రం నుంచి పెట్రోలు కారుతున్నా డయాఫ్రమ్ చిరిగినట్టే. ఆ పంపుని ఒక్క రోజు కూడా వాడకండి. డయాఫ్రమ్ దాటిన పెట్రోలు ఇంజన్ ఆయిల్‌లోకీ దిగుతుంది.

---

పుష్‌రాడ్:

ట్యాంకు వైపు వెళ్లే ముందు ఒక మాట. 1967 నుంచి 1972 దాకా సి10 ట్యాంకు క్యాబ్ లోపల, సీటు వెనక ఉంటుంది. పెట్రోలు తోడేటప్పుడు ఆవిరి అంతా క్యాబ్‌లోనే నిలుస్తుంది. రెండు తలుపులూ తెరిచి, బ్యాటరీ నెగటివ్ విప్పి, బండిని షెడ్డు బయటికి నెట్టాకే మొదలుపెట్టండి. లోపలి దీపం, వేలాడదీసే బల్బు, గ్రైండర్ ఏవీ దగ్గర వద్దు. పెట్రోలు మంటకి పనికొచ్చే డ్రై పౌడర్ సిలిండర్ చేతికందేలా ఉండాలి.

ఆ వాసన వచ్చిన పెట్రోలుని కొత్తదానితో కలిపి వాడేయాలని చూడకండి. తేలికగా మండే భాగం ఎగిరిపోయి జిగురు మిగిలింది. ఇథనాల్ కలిసిన పెట్రోలయితే గాలిలో తేమ పీల్చుకుని, ఒక స్థాయి దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగున వేరే పొరగా దిగుతాయి. ట్యాంకు పైపు పీల్చేది ఆ అడుగునుంచే. గాజు సీసాలోకి కొంచెం తోడి కదలకుండా పెడితే రెండు పొరల మధ్య గీత కనిపిస్తుంది.

ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న రబ్బరు గొట్టాలన్నీ మార్చండి, బాగున్నట్టు కనిపించినా సరే. అవి పంపు పీల్చే వైపు ఉంటాయి. సన్న పగులు ఉంటే పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే నేల మీద చుక్క పడకుండానే పంపు ఎండిపోతుంది. కొత్త గొట్టం మీద ఎస్‌ఏఈ 30ఆర్7 అని ఉండాలి. నీళ్ల గొట్టమో వాక్యూమ్ గొట్టమో పెడితే లోపలినుంచి ఉబ్బి మూసుకుంటుంది.

---

నీలిట్రక్కు:

వెంట్ గొట్టంలో పెట్రోలు ఎక్కించాక ధార వచ్చింది, ఇంజన్ దాదాపు నిమిషం నిలకడగా నడిచింది. లోపలి ఫిల్టరు శుభ్రంగా ఉంది. పంపు ఇన్‌లెట్ వేలిని లాగడం లేదు. పంపు, రబ్బరు గొట్టాలు మార్చి, ట్యాంకు ఖాళీ చేసి కడిగి కొత్త పెట్రోలు పోశాను.

ఇప్పుడు స్టార్టు అవుతోంది, కానీ రెండు నిమిషాల్లో నల్లటి పొగ వచ్చి ఆగిపోతోంది. గొంతులోకి చూస్తే ఇంజన్ ఆగాక కూడా పెట్రోలు చుక్కలు కారుతున్నాయి. కొత్త పంపు ప్రెజర్ కొలిస్తే 4 పీఎస్ఐ.

---

మోనోజెట్‌మామ:

ఇప్పుడు కిట్ తెరవండి.

ప్రెజర్ సరిగ్గా ఉండి గొంతు నుంచి కారుతోందంటే నీడిల్ (బౌల్ నిండగానే సీటు మీద కూర్చుని పెట్రోలుని ఆపే మొన) మూసుకోవడం లేదు. ముందు కార్బ్యురేటర్‌కి పెట్రోలు చేరే చోట, స్క్రూడ్రైవర్ పిడితో రెండు దెబ్బలు తట్టి చూడండి. కారడం ఆగితే సీటు మీద తుప్పు రేణువు కూర్చుంది. కొత్త పంపు పాత ఇనుప గొట్టంలోని తుప్పుని లాక్కొచ్చి ఉండవచ్చు. మళ్లీ కారితే పైమూత తీయాల్సిందే.

మోనోజెట్‌లో ఫ్లోటు (పెట్రోలు మీద తేలుతూ నీడిల్‌ని మూసే ముక్క) ఇత్తడిది కాదు, నల్లటి ఫోమ్‌ది. ఏళ్లు గడిచేకొద్దీ పెట్రోలు పీల్చుకుని బరువెక్కుతుంది, లోతుగా మునిగి తేలుతుంది, నీడిల్‌ని మూయలేదు. బయటికి తీసి తుడిచి గోరుతో నొక్కండి. చెమ్మ తేలితే పారేయండి. ఎండబెట్టినా తిరిగి తేలికవదు. చాలా కిట్లలో ఫ్లోటు రాదు, విడిగా తెప్పించాలి. కొత్త నీడిల్, కొత్త సీటు వేసి పాత ఫ్లోటు ఉంచితే మళ్లీ ఇదే పొగ చూస్తారు.

పైమూత ఎత్తే ముందు లింకేజీని నాలుగు వైపులనుంచీ ఫొటో తీయండి. తీసేటప్పుడు తిరగేయకండి, యాక్సిలరేటర్ పంపు కింద చిన్న చెక్ బాల్ దొర్లిపోతుంది. జెట్లలో తీగ, డ్రిల్ బిట్ దూర్చవద్దు. రంధ్రం వెయ్యో వంతు అంగుళం పెరిగినా మిశ్రమం మారిపోతుంది. కార్బ్ క్లీనర్ కొట్టి, గాలితో ఊదితే చాలు. రబ్బరు కప్పునీ ఫ్లోటునీ చోక్ వాక్యూమ్ డయాఫ్రమ్‌నీ క్లీనర్‌లో నానబెట్టకండి. ఫ్లోటు ఎత్తు కిట్ కాగితంలో ఉంటుంది. కార్బ్యురేటర్ బాడీ మీద కొట్టిన నంబరు ఎదురుగా ఉన్న కొలతే తీసుకోండి, మోడల్ పేరు చూసి కాదు. ఫ్లోటు చేతిని వంచాల్సి వస్తే నీడిల్ మీద ఒత్తిడి పడకుండా వంచండి, లేకపోతే నీడిల్ రబ్బరు మొన మీద గుంట పడి మళ్లీ కారుతుంది.

పంపుకీ కార్బ్యురేటర్‌కీ మధ్య కంటికి కనిపించే ప్లాస్టిక్ ఫిల్టరు పెట్టకండి. ఇంజన్ వేడికి పగిలితే పెట్రోలు నేరుగా మ్యానిఫోల్డ్ మీద పడుతుంది. పెట్టాలంటే ట్యాంకు దిగువన లోహపుది పెట్టండి.

---

పాయింట్‌గ్యాప్:

ఇంత ఓవర్‌ఫ్లో అయిన ఇంజన్‌లో ప్లగ్గులు తడిసి నల్లబడి ఉంటాయి. విప్పి, ఆరబెట్టి, గ్యాపు 0.035 పెట్టండి. ఆయిల్ గేజీ కడ్డీ మళ్లీ తీసి వాసన చూడండి. ఈసారి పెట్రోలు వాసన ఉంటే ఆయిలూ ఫిల్టరూ మార్చకుండా నడపవద్దు. పలచబడ్డ ఆయిల్ బేరింగుల్ని తింటుంది.

ఇంకొకటి. తాళం తిప్పి పట్టుకున్నంతసేపూ నడిచి, వదలగానే ఆగిపోతే దాన్ని కార్బ్యురేటర్ మీద వేయకండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు సోలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే స్విచ్చి) మీది ఆర్ టెర్మినల్ నుంచి కాయిల్‌కి పూర్తి వోల్టేజీ వస్తుంది. వదిలాక వచ్చేది రెసిస్టెన్స్ వైరు గుండా. ఆ వైరు తెగితే కనిపించే లక్షణం అచ్చం ఇదే. తిరగేస్తే, సెల్ఫ్ కొడుతున్నప్పుడు అందుకోక, తాళం వదిలే క్షణంలో అందుకుంటుంటే ఆర్ వైపు వైరు పోయింది.

---

పుష్‌రాడ్:

ఇంజన్ నిలకడకొచ్చాక బండిని కదిపే ముందు నాలుగు బ్రేకులూ చూడండి. పెడల్ గట్టిగానే ఉన్నా వీల్ సిలిండర్లలో పిస్టన్లు తుప్పుతో బిగిసి ఉండవచ్చు. డ్రమ్ముల చక్రాలు ఎత్తి ఒక్కొక్కటీ చేత్తో తిప్పి, ఒకరు పెడల్ తొక్కి వదిలినప్పుడు చక్రం మళ్లీ తేలిగ్గా తిరగాలి. వదలని చక్రం దగ్గర డ్రమ్ము తీసి సిలిండర్ రబ్బరు అంచు ఎత్తండి. లోపల తడి ఉంటే సిలిండర్ మార్చాలి.

---

నీలిట్రక్కు:

ఫ్లోటు గోరుతో నొక్కితే తడి తేలింది. కొత్త ఫ్లోటు, నీడిల్, సీటు వేశాక కారడం ఆగింది, పొగ లేదు, చోక్ పూర్తిగా తెరుచుకున్నాక కూడా ఐడిల్ నిలుస్తోంది. ఆయిల్ మార్చాను. వెనక ఎడమ చక్రం పెడల్ వదిలినా బిగుసుకునే ఉంది, ఆ డ్రమ్ము రేపు విప్పుతున్నాను.